సర్వేలు తగ్గించండి, పాట కాదు

ప్రశ్న: నాకు డెబ్బై మూడేళ్లు. 1973లో ఎం.ఎస్. చదవడానికి పిట్స్‌బర్గ్ వచ్చి, ఇక్కడే ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యాను. పౌరసత్వం తీసుకున్నప్పటి నుంచి ఒక్క ఎన్నిక కూడా వదలలేదు. ఈసారి మాత్రం నిద్ర పట్టడం లేదు. తెల్లవారుజామున మూడింటికి లేచి ఫోనులో సర్వేలు చూస్తున్నాను. మా పెన్సిల్వేనియాలో ఒక అభ్యర్థికి ఒక శాతం పెరిగితే గుండె దడ, తగ్గితే మరో రకం దడ. టీవీ పెడితే ప్రకటనలే. గుడి మిత్రుల వాట్సాప్ బృందం రెండుగా చీలింది. మా అబ్బాయి నేను ఓటు వేసే పార్టీకి వేయడు. మా మధ్య మాటలు తగ్గాయి. పోస్టల్ బ్యాలెట్ వచ్చి వారం దాటింది. నింపాను గానీ పోస్టు మీద నమ్మకం లేక బల్ల మీదే ఉంచాను. నాకున్న ఊరటల్లా పాత రాక్ సంగీతం. చదువుకునే రోజుల్లో పక్క గది కుర్రవాడు అలవాటు చేశాడు. పింక్ ఫ్లాయిడ్, క్రీడెన్స్, ద హూ, నీల్ యంగ్, స్ప్రింగ్‌స్టీన్, వీళ్ల ఎల్పీలన్నీ దాచుకున్నాను. రాత్రిళ్లు బేస్‌మెంట్‌లో కూర్చుని వింటాను. "ఈ వయసులో ఈ గోల ఏమిటి" అంటుంది మా ఆవిడ. దేశం ఇలా ఉంటే నేను పాటలు వింటూ కూర్చోవడం పారిపోవడమేనేమో అని నాకూ అనిపిస్తోంది. పైగా నాయకులు సభల్లో అవే పాటలు వేస్తుంటే అవి కూడా పాడైపోయాయేమోనని దిగులు. ఏం చేయమంటారు?

పేరు వద్దన్న పాఠకుడు, పిట్స్‌బర్గ్ (అక్టోబరు 2024)

సమాధానం: ముందు ఆ బల్ల మీద ఉన్న కవరు సంగతి చూద్దాం. మిగతావన్నీ తరవాత.

దేశం ఏమైపోతుందోనని తెల్లవారుజామున మూడింటికి లేచి కూర్చునే మనిషి, తన వంతు ఓటును బల్ల మీద పెట్టుకుని దాని చుట్టూ తిరుగుతున్నాడు! పోస్టు మీద నమ్మకం లేకపోతే పోస్టులో వేయనక్కర లేదు. మీ కౌంటీ (మన జిల్లా లాంటిది) ఎన్నికల కార్యాలయానికి వెళ్లి మీ చేత్తోనే ఇవ్వవచ్చు. నవంబరు 5 రాత్రి ఎనిమిది గంటలలోపు బ్యాలెట్ వాళ్లకు అందాలి. పోస్టు ముద్ర ఏ తేదీదన్నది లెక్కలోకి రాదు. బ్యాలెట్‌ను ముందు లోపలి రహస్య కవరులో పెట్టి అంటించారో లేదో చూసుకోండి. అది లేకుండా నేరుగా బయటి కవరులో పెడితే మీ రాష్ట్రంలో ఆ ఓటు చెల్లదు. బయటి కవరు మీద సంతకం ఉండాలి, తేదీ ఉండాలి. ఆ తేదీ సంతకం చేసిన రోజుది. అలవాటు కొద్దీ పుట్టిన తేదీ వేసి ఓటు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. మీ ఆవిడ కూడా బ్యాలెట్ తెప్పించుకుని ఉంటే ఆవిడ కవరు ఆవిడే ఇవ్వాలి. వైకల్యం ఉండి రాతపూర్వకంగా అప్పగిస్తే తప్ప, భార్య ఓటును భర్త పట్టుకెళ్లి ఇవ్వడానికి పెన్సిల్వేనియా చట్టం ఒప్పుకోదు. కాబట్టి ఇద్దరూ కలిసే వెళ్లండి, వెళ్లినప్పుడు అక్కడే ఎక్కడైనా భోజనం చేసి రండి. ఇచ్చిన బ్యాలెట్ నమోదైందో లేదో రాష్ట్ర ప్రభుత్వ వెబ్‌సైట్‌లో కనిపిస్తుంది. ఫోను చూడకుండా ఉండలేనంటారా, తెరిచి అది చూడండి. అందులో ఉన్నది మీకు సంబంధించిన నిజం.

ఇక సర్వేలు. మీరు ఇంజనీరు, కొలతలో పొరపాటు ఎంత ఉండవచ్చో నేను చెప్పాలా? వెయ్యిమందిని అడిగి చేసే సర్వేలో అటూ ఇటూ మూడు శాతం తేడా రావచ్చని చేసినవాళ్లే అడుగున చిన్న అక్షరాల్లో రాస్తారు. అది కూడా ఒక్కో అభ్యర్థి వాటాకు. ఇద్దరి మధ్య తేడాకు వచ్చేసరికి దాదాపు రెట్టింపవుతుంది. మరి మీ రాష్ట్రంలో గెలుపు ఎంతలో తేలింది? 2016లో సుమారు 44,000 ఓట్లు. 2020లో సుమారు 80,000. పోలైన ఓట్లు చూస్తే ఒక శాతానికి కాస్త అటో ఇటో. లారీలు తూచే కాటా మీద బంగారం తూచబోతున్నారు మీరు. పైగా 2020లో దేశవ్యాప్త సర్వేలు అంతకుముందు నలభై ఏళ్లలో లేనంతగా గురితప్పాయని సర్వేలు చేసేవాళ్ల సంఘమే తరవాత కూర్చుని తేల్చింది. అలాంటిదాంట్లో ఒక శాతం పెరిగిందని మూడింటికి దడ, నాలుగింటికి అది తగ్గిందని మరో దడ. ఆ ఒక శాతం అసలు ఉందో లేదో ఎవరికీ తెలియదు. రోజుకు ఒకసారి, పగటిపూట, పత్రికలో ఒక వార్త చదవండి. ఓటు వేసి వచ్చిన తరవాత అదీ అనవసరం. మీరు చేయగలిగిన పని అయిపోయాక సర్వే మీకు చెప్పేదేముంటుంది?

ప్రకటనల గురించి ఒక్క మాట. ఎటైనా మొగ్గగల స్వింగ్ రాష్ట్రాలన్నిటిలో పెద్దది మీదే, అధ్యక్షుణ్ణి తేల్చే ఎలక్టోరల్ ఓట్లు 19 ఉన్నాయి. కనుక రెండు పార్టీల డబ్బూ మీ టీవీలోకే వచ్చి పడుతుంది. అదంతా ఇంకా ఎటూ తేల్చుకోని కొద్దిమంది కోసం. మీరు ఎప్పుడో తేల్చుకున్నారు. అవి మీకోసం తీసినవి కావు, నోరు నొక్కేయండి.

ఈ దడ మీ ఒక్కరికే అనుకుంటున్నారేమో. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ సర్వేలో అధ్యక్ష ఎన్నికలు తమకు పెద్ద ఒత్తిడిగా ఉన్నాయని చెప్పినవారు 2016లో 52 శాతం, 2020లో 68 శాతం. (సర్వేలు చూడవద్దని చెప్పి నేనే ఒక సర్వే చూపిస్తున్నాను, ఏమనుకోకండి.) మీ వీధిలో తెల్లవారుజామున దీపం వెలుగుతున్న ఇల్లు మీది ఒక్కటే అయి ఉండదు.

లెక్కింపు రాత్రికి మనసును ఇప్పటి నుంచే సిద్ధం చేసుకోవాలి. మన రాష్ట్రాల లెక్కింపు జూన్‌లో చూసే ఉంటారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో మే 13న ఓట్లు వేసి మూడు వారాలు ఆగారు. జూన్ 4 ఉదయం ఎనిమిదికి అక్కడ లెక్క మొదలైనప్పుడు మీకు ముందురోజు రాత్రి పదిన్నర, మీకు తెల్లవారేసరికి గాలి ఎటు వీచిందో తేలిపోయింది. ఆ అలవాటుతో అమెరికా లెక్కింపు చూస్తే పిచ్చెక్కుతుంది. అక్కడ దేశం మొత్తానికి లెక్కపెట్టి ప్రకటించే ఎన్నికల సంఘం లేదు. ఏ కౌంటీ లెక్క ఆ కౌంటీదే. ఆ రాత్రి ఫలానావారు గెలిచారని చెప్పేది వార్తాసంస్థలు; అసోసియేటెడ్ ప్రెస్ ఆ పని 1848 నుంచి చేస్తోంది. అందులోనూ పెన్సిల్వేనియాలో పోస్టల్ బ్యాలెట్ కవర్లను పోలింగ్ రోజు ఉదయం ఏడు దాకా విప్పనే కూడదు. 2020లో కరోనా వల్ల అలాంటి కవర్లు పాతిక లక్షలకు పైగా వచ్చిపడ్డాయి. మంగళవారం ఓట్లు వేస్తే శనివారం గాని తేలలేదు. మొదటి రాత్రి ఒకరు ముందుండి, కవర్లు విప్పేకొద్దీ ఇంకొకరు ముందుకు రావడం ఏ కుట్ర వల్లా కాదు. ఏ ఓట్లు ముందు లెక్కించారన్నదే దానికి కారణం. 2022లో వచ్చిన చట్టం ప్రకారం రాష్ట్ర నిధులు తీసుకునే కౌంటీలు ఆపకుండా లెక్కించాలి కనుక ఈసారి కాస్త త్వరగా తేలవచ్చు. అయినా మంగళవారం రాత్రి ఫలితం రాదనుకునే పడుకోండి. 2000 అధ్యక్ష ఎన్నికలో ఫ్లోరిడాలో 537 ఓట్ల తేడా మీద నెల పైన నడిచిన వ్యవహారం మీరు కళ్లారా చూసినవారే. అప్పుడు మీ వయసు యాభైకి అటూ ఇటూ, ఉదయాన్నే ఉద్యోగానికి వెళ్లాలి కనుక నిద్రపోయారు. ఇప్పుడు ఉద్యోగం లేదు. అసలు చిక్కు అక్కడే ఉందని నా అనుమానం.

అందుకే చేతికి ఒక పని కావాలి. కౌంటీకి ఫోను చేసి పోలింగ్ కేంద్రాల్లో పనిచేయడానికి మనుషులు కావాలా అని అడగండి. అమెరికాలో ఆ పని చేసేవాళ్లలో చాలామంది అరవై దాటినవాళ్లే. తెల్లవారకముందే వెళ్లి, ఏడింటి నుంచి రాత్రి ఎనిమిది దాకా కూర్చోవాలి. మోకాళ్లు సహకరిస్తేనే ఒప్పుకోండి. మీ రాష్ట్రంలో ఒక చక్కని ఏర్పాటు ఉంది. ప్రతి కేంద్రంలో మెజారిటీ ఇన్‌స్పెక్టర్ ఒకరు, మైనారిటీ ఇన్‌స్పెక్టర్ ఒకరు ఉంటారు. ఎక్కువ ఓట్లు వచ్చిన పక్షం నుంచి ఒకరు, ఆ తరవాతి పక్షం నుంచి ఒకరు. అటువైపు మనిషి పక్కన పదమూడు గంటలు కూర్చుని, ఒకే జాబితాలో పేర్లు వెతికి, ఒకే డబ్బాలో డోనట్లు పంచుకున్నాక వాట్సాప్ తగవులు ఎంత చిన్నవో తెలుస్తుంది. అంతసేపు కూర్చోలేనంటే, కారు నడపలేని ఇరుగుపొరుగు వృద్ధులను కేంద్రానికి తీసుకెళ్లి తీసుకురండి. వాళ్లు ఎవరికి వేస్తారో అడగవద్దు.

వాట్సాప్ బృందానికి నవంబరు నెలాఖరు దాకా శబ్దం రాకుండా చేసేయండి. ఆ బృందం వల్ల ఒక్క ఓటు అటునుంచి ఇటు మారిన దాఖలా లేదు.

ఇక పాటలు. మీ ఉత్తరం చేతికి రాగానే నాకు రాయాలనిపించింది వీటి గురించే.

పారిపోతున్నానేమో అన్నారు. మీ అలమరలోని రికార్డుల్లో సగం రాజకీయంలోంచే పుట్టాయి. 1970 మే 4న మీ ఊరికి కారులో రెండు గంటలు కూడా పట్టని కెంట్ స్టేట్ విశ్వవిద్యాలయంలో యుద్ధ వ్యతిరేక ప్రదర్శన మీద నేషనల్ గార్డ్ సైనికులు జరిపిన కాల్పుల్లో నలుగురు విద్యార్థులు చనిపోయారు. ఆ ఫొటోలు పత్రికలో చూసి నీల్ యంగ్ పాట రాశారు. మే 21న రికార్డు చేశారు. జూన్‌కల్లా రేడియోలో మోగింది. ఆయన భయాన్ని, కోపాన్ని రాత్రంతా కళ్ల ముందు తిప్పుకుంటూ కూర్చోలేదు. దాన్ని మూడు నిమిషాల పాట చేసి బయట పెట్టారు. మరుసటి ఏడాది ఓటు వయసు 18కి తగ్గింది. ఆ పాట విన్న కుర్రకారు తొలిసారి ఓటేసిన 1972 అధ్యక్ష ఎన్నికలో నిక్సన్ ఏకంగా 49 రాష్ట్రాలు గెలిచారు, మీ పెన్సిల్వేనియాతో సహా. రెండేళ్లలో ఆయనే రాజీనామా చేసి వెళ్లిపోయారు. మీరు దిగిన ఏడాది, ఆయన్ని దించిన వాటర్‌గేట్ కుంభకోణం విచారణలు టీవీలో వస్తున్నాయి. ఆ గందరగోళంలోనే పక్క గది కుర్రవాడు మీకు రికార్డులు వినిపించాడు. ఆ అబ్బాయికీ డ్రాఫ్టు (నిర్బంధ సైనిక సేవ) భయం అప్పుడప్పుడే వదిలి ఉంటుంది. రాజకీయానికి, ఈ పాటలకు మధ్య గోడ మీరు ఇప్పుడు కట్టుకున్నారు. అప్పట్లో అది లేదు.

సభల్లో వేసి పాడుచేస్తున్నారన్న దిగులుకు మీ ఊళ్లోనే జవాబుంది. 1984 సెప్టెంబరులో ఎన్నికల ప్రచారానికి న్యూజెర్సీ వెళ్లిన రీగన్, ఆ రాష్ట్రం కుర్రవాడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ పాటల్లో ఆశాసందేశం ఉందని మెచ్చుకున్నారు. అప్పుడు దేశమంతా మోగుతున్నది "బార్న్ ఇన్ ది యు.ఎస్.ఏ.". పల్లవి వింటే దేశభక్తి గీతం. చరణాలు వింటే వియత్నాం నుంచి తిరిగొచ్చి ఉద్యోగం దొరకని సైనికుడి గోడు. రీగన్ ఆ మాట అన్న కొద్ది రోజులకే స్ప్రింగ్‌స్టీన్ పిట్స్‌బర్గ్ సివిక్ అరీనాలో పాడారు. అధ్యక్షుడు నా పేరు ఎత్తారట, ఆయనకు నా ఆల్బమ్‌లలో ఏది ఇష్టమో, "నెబ్రాస్కా" మాత్రం అయి ఉండదు అని వేదిక మీద నుంచి అని, ఆ ఆల్బమ్‌లోదే, కారు ఫ్యాక్టరీ మూతపడి బతుకు తలకిందులైన మనిషి పాట ఎత్తుకున్నారు. ఉక్కు మిల్లులు ఒక్కొక్కటే మూతపడుతున్న ఊళ్లో ఆ పాట! మీరు ఆ రోజుల్లో అక్కడే ఉన్నారు కదా, ఆ హాలు ఇప్పుడు లేకపోయినా దాని గుండ్రటి పైకప్పు మీకు గుర్తుండే ఉంటుంది.

అప్పటి నుంచి ఈ కథ ఆగలేదు. ధనికుల కొడుకులు యుద్ధం తప్పించుకోవడం మీద క్రీడెన్స్ బృందం 1969లో పాడిన "ఫార్చునేట్ సన్"ను 2020 ప్రచార సభల్లో వేస్తే, రాసిన జాన్ ఫొగర్టీ ఆపమని లాయరు నోటీసు పంపారు. రోలింగ్ స్టోన్స్ తమ పాటల విషయంలో దావా వేస్తామన్నారు. పాటలు కట్టినవాళ్లే వాటిని అంత తేలిగ్గా వదులుకోవడం లేదు, మీరెందుకు వదులుకోవాలి? సభలో మైకులోంచి వచ్చేది పల్లవి మాత్రమే. చరణాలతో సహా మొత్తం పాట మీ అలమరలో భద్రంగా ఉంది.

వినే పద్ధతి మాత్రం మార్చండి. ఫోను మేడ మీదే వదిలి దిగండి. రికార్డు ఒక వైపు ఇరవై నిమిషాల చిల్లర. ఆ వైపు పూర్తిగా వినండి, మధ్యలో లేవకండి. ముల్లు లోపలి గాడికి చేరి టిక్కు టిక్కుమంటుంటే లేచి, రెండో వైపు తిప్పాలా, పడుకోవాలా అన్నది అప్పుడు తేల్చుకోండి. ఫోనులో సర్వేల జాబితాకు అడుగంటూ ఉండదు, ఎంత తోసినా ఇంకా వస్తూనే ఉంటుంది. రికార్డు తనంతట తాను అయిపోతుంది. మీలాంటి మనిషికి రాత్రిపూట అయిపోయే వస్తువే కావాలి.

ఏది వినాలన్నదీ చెబుతాను, సలహా అడిగారు కనుక. పింక్ ఫ్లాయిడ్ 1973 ఆల్బమ్ "ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్" మీకు ప్రాణమై ఉంటుంది, మీరు అమెరికాలో దిగిన ఏడాది వచ్చింది. కానీ అది గుండె చప్పుడుతో మొదలై గుండె చప్పుడుతో ముగుస్తుంది. దడతో ఉన్న మనిషి రాత్రి పదకొండింటికి వినవలసినది కాదు. మొదటి వైపు మధ్యలో గడియారాలన్నీ ఒక్కసారి గణగణ మోగుతాయి. పాత గడియారాల దుకాణంలో ఒక్కొక్కటీ విడివిడిగా రికార్డు చేసి కలిపిన మోత అది. పైన పడుకున్న మీ ఆవిడ ఉలిక్కిపడి లేచి గోల అనక ఏమంటుంది? దాన్ని పగటికి మార్చండి. కొత్త యజమాని కూడా పాత యజమానిలాగే ఉంటాడని ఎనిమిదిన్నర నిమిషాలు అరిచే ద హూ పాటను ఫలితాలు వచ్చేదాకా అసలు తీయకండి. రాత్రికి నీల్ యంగ్ గిటారు ఒక్కటే పట్టుకుని పాడినవి చాలు.

మీ అబ్బాయి విషయం. ఎన్నికల ఊసు ఫలితాలు వచ్చి, నవంబరు చివరి థాంక్స్‌గివింగ్ పండుగ దాటేదాకా ఎత్తకండి. అతను ఎత్తినా "చూద్దాం" అని ఊరుకోండి. ఫోను చేయడం మాత్రం తగ్గించవద్దు. అతను ఆ పాటలు చెవిన పడుతుండగానే పెరిగి ఉంటాడు. తనకు ఏ రికార్డులు కావాలో, ఏవి ఎవరికైనా ఇచ్చేయమంటాడో అడగండి. తండ్రీకొడుకులు అరగంట వాదించుకోవడానికి అది చాలినంత పెద్ద విషయం, దాని వల్ల ఎవరి మనసూ విరగదు.

ఒక్కటి మాత్రం తేలిగ్గా తీసుకోకండి. గుండె దడతో పాటు ఛాతీలో నొప్పి, ఆయాసం, చెమటలు ఉంటే ఎన్నికల ఒత్తిడి అనుకుని ఊరుకోవద్దు, వెంటనే 911కు ఫోను చేయండి. అవేమీ లేకపోయినా వారాల తరబడి నిద్ర లేకపోవడం డెబ్బై మూడేళ్ల వయసులో మంచిది కాదు. మీ డాక్టరును కలిసి ఉన్నదున్నట్టు చెప్పండి. వృద్ధుల ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ కింద ఏడాదికొకసారి మానసిక కుంగుబాటు పరీక్ష ఉచితం. పనిలో పనిగా చెవులు కూడా చూపించుకోండి. పాట పైకి వినిపించేంత పెద్దగా పెడుతున్నారంటే, అందులో రాక్ సంగీతం తప్పు కొంత, మీ చెవుల తప్పు కొంత ఉండవచ్చు.

మీ ఆవిడ గోల అన్నది పాటను కాదని నా అనుకోలు. పగలంతా టీవీ ముందు, తెల్లవారుజామున ఫోను ముందు, రాత్రి నేలమాళిగలో ఉండే మనిషితో ఆవిడ మాట్లాడేది ఎప్పుడు? హెడ్‌ఫోన్లు కొని గొడవ వదిలించుకోవాలని చూడకండి, దానితో ఆవిడకు ఉన్న ఆ కాస్త సందూ మూసుకుపోతుంది. రికార్డు ప్లేయరును పైకి, హాల్లోకి తెచ్చిపెట్టండి. శబ్దం సగానికి తగ్గించండి. రాత్రి భోజనాలయ్యాక ఒక వైపు మీది, ఒక వైపు ఆవిడది. ఆవిడ ఘంటసాల పెట్టినా, బాలమురళి పెట్టినా మీరూ ఆ ఇరవై నిమిషాలు లేవకుండా కూర్చోవాలి. మీరు ఫోను వైపు చూస్తే ఆ రోజు మీ వంతు రద్దు చేసే అధికారం ఆవిడకు ఇవ్వండి.